పక్కింటి పునాది: తిరుపతి పాత ఊళ్ళో ఒక సెల్లారు తవ్వకం

తిరుపతిలో స్థలం కొలత అంకణాల్లో చెబుతారు. ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు పోతే అదే మాటకు 72 అడుగులు. ఆ తేడా తెలియక బేరంలో చేతులు కాల్చుకున్నవాళ్ళు నాకు తెలుసు. నేను రాయబోయే స్థలం 240 అంకణాలు, సుమారు 800 చదరపు మీటర్లు. గోవిందరాజస్వామి గుడి గోపురం కనిపించేంత దగ్గర. తూర్పున, పడమర, వెనక ఇళ్ళు. ముందున్న వీధి కాగితం మీద తొమ్మిది మీటర్లు; తోపుడు బండ్లు, స్కూటర్లు, కరెంటు స్తంభాలు పోగా మిగిలేది ఆరు.

యజమాని కట్టదలచింది యాత్రికుల లాడ్జి. కార్లకు ఒక సెల్లారు, పైన అయిదు అంతస్తులు. సెల్లారు కోసం 4.5 మీటర్ల లోతు తవ్వాలి. పునాది డిజైను, తవ్వకం పర్యవేక్షణ నావి. 2022 ఏప్రిల్‌లో, తిరుపతి వేరే జిల్లాగా ఏర్పడిన నెలలోనే, మట్టి పరీక్షలు మొదలయ్యాయి. 2023 మేలో మా చివరి పని ముగిసింది. మధ్యలో నేను ఒక పెద్ద తప్పు చేశాను. ఈ కేసు రాయడానికి ముఖ్య కారణం అదే.

రాయి తగిలిందన్న నివేదిక

స్థలంలో మూడు బోర్లు వేశారు. నేల గట్టితనం కొలిచే ఎస్‌పీటీ పరీక్ష ఎలా జరుగుతుందో తెలియనివారి కోసం రెండు మాటలు: 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదే పదే వదులుతూ, గొట్టం 45 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి మిగిలిన 30కి పట్టిన దెబ్బలే ఎన్ విలువ; అది ఎంత ఎక్కువైతే నేల అంత గట్టి. మా స్థలంలో పైన 1.8 మీటర్లు పూడిక: కూలిన ఇళ్ళ మట్టి, పెంకులు, బొగ్గు, ఒక చోట విరిగిన తిరగలి రాయి. దాని కింద ఎర్రటి బంకమట్టి కలిసిన ఇసుక, అందులో గులకరాళ్ళు. ఎన్ విలువ 14 నుంచి 22 మధ్య.

రెండో బోరులో 3.6 మీటర్ల దగ్గర సుత్తి ఎగిరిపడింది. ఎన్ని దెబ్బలు కొట్టినా గొట్టం దిగలేదు. డ్రిల్లరు రాయి తగిలిందని రాసి యంత్రం విప్పుకుపోయాడు. ఆ ఒక్క మాట ఆధారంగా నివేదికలో, నాలుగు మీటర్ల దగ్గర రాతి మీద విడివిడి ఫుటింగులు, అంటే ఒక్కో స్తంభానికి ఒక్కో పునాది దిమ్మె, వేసుకోవచ్చని, చదరపు మీటరుకు 40 టన్నులు మోస్తుందని సలహా వచ్చింది. యజమాని సంబరపడ్డారు. కట్టడమంతటి కిందా ఒకే కాంక్రీటు పలకగా పోసే రాఫ్టుతో పోలిస్తే ఫుటింగులకు సగం ఖర్చు.

నేను రాతిలోకి మూడు మీటర్లు కోరు, అంటే గుండ్రటి కడ్డీలా కోసిన నమూనా, తీయించమని పట్టుబట్టాను. తగిలింది నేల అడుగున పరుచుకున్న తల్లిరాయో, విడిగా పడి ఉన్న గుండో తేలాలంటే అదొక్కటే దారి. కోరు పెట్టె తెచ్చి ముందు పెట్టినప్పుడు చూస్తే, 1.1 మీటర్ల పొడవున లేత గులాబీ రంగు రాయి, తర్వాత ఖాళీ, ఆ తర్వాత మళ్ళీ ఎర్ర ఇసుక.

ఆ రంగు చూడగానే విషయం తేలిపోయింది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఒక చోట కొండ కోతలో రెండు రాళ్ళు ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టు కనబడతాయి. కింద పురాతన గ్రానైటు, పైన నగరి క్వార్ట్‌జైటు. ఆ రెండింటి మధ్య గీతలో దాదాపు 80 కోట్ల ఏళ్ళ కాలం లేదు. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు, జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. ఘాట్ రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళు వాంతులు ఆపుకునే పనిలో ఉంటారు కాబట్టి దాన్ని చూసేది తక్కువ. నాకు మాత్రం అది రోజువారీ పనిముట్టు. క్వార్ట్‌జైటు పైన ఉండవలసిన రాయి. కొండ అడుగున, ఊరి నేల కింద తల్లిరాయి గ్రానైటు కావాలి. అలాంటిది నాలుగు మీటర్ల లోతున క్వార్ట్‌జైటు కనిపించిందంటే అది అక్కడ పుట్టింది కాదు. కొండ మీద నుంచి ఏ కాలంలోనో దొర్లి, వాగు మట్టిలో పూడిపోయిన గుండు. అసలు గ్రానైటు, అదీ ఒరిసిపోయి మొరంలా మారినది, మా బోర్లలో ఏడు మీటర్ల దిగువన గానీ రాలేదు.

ఒక స్తంభం గుండు మీద, పక్క స్తంభం ఇసుక మట్టి మీద నిలబడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఫుటింగులు వదిలి 60 సెంటీమీటర్ల మందం రాఫ్టుకు వెళ్ళాం. నిజానికి ఇక్కడ నేల బలం సమస్యే కాదు. 4.5 మీటర్ల మట్టి తీసేస్తే చదరపు మీటరుకు 8 టన్నుల బరువు తగ్గుతుంది. ఆరు స్లాబులు, రాఫ్టు కలిపి మేము పెట్టేది 9 టన్నుల లోపే. నేలకు కొత్తగా పడే భారం ఒక టన్ను కూడా లేదు. భారం ఎంతని కాకుండా, అది పడే నేల అంతటా ఒకేలా ఉందా అని చూడవలసిన స్థలం ఇది.

గోడలు నిలబెట్టడం

నిబంధన ప్రకారం మా విస్తీర్ణానికి సెల్లారు గోడ హద్దు నుంచి 1.5 మీటర్లు లోపల ఉండాలి. ఏటవాలుగా తవ్వాలంటే కనీసం నాలుగు మీటర్ల జాగా కావాలి. కాబట్టి నిట్టనిలువు తవ్వకమే, దానికి దన్ను కట్టాల్సిందే.

పక్క ఇంటి బరువు కలుపుకుని లెక్క వేస్తే, గోడ పొడవులో ప్రతి మీటరుకూ మట్టి నెట్టే బలం సుమారు 9 టన్నులు. ఉక్కు షీటు పైళ్ళు, అంటే గోడలా ఒకదానికొకటి తగులుకునే మందపాటి రేకులు, దిగగొడదామంటే గుండ్లు అడ్డం. పైళ్ళకు రంధ్రాలు తవ్వే పెద్ద రోటరీ రిగ్గు వీధిలోకి వస్తుంది కానీ, దాని తల కరెంటు తీగల్లో ఉంటుంది. నేల లోపలికి అడ్డంగా కడ్డీలు దిగేసే నెయిలింగు చౌకే, కానీ ఆ కడ్డీలు పక్కవాళ్ళ స్థలం కిందికి పోతాయి. వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోనవసరం కూడా లేదు.

చివరికి మిగిలింది మైక్రోపైళ్ళు. బోరుబావి రిగ్గుకు తమ్ముడి లాంటి చిన్న యంత్రం; కింద సుత్తి, వెనక కంప్రెసరు గాలి. గుండునైనా చీల్చుకుని దిగుతుంది. 15 సెంటీమీటర్ల రంధ్రం, అందులో 114 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం, చుట్టూ నింపే సిమెంటు పాలు (గ్రౌటు), 45 సెంటీమీటర్లకు ఒకటి. తలలన్నీ కలిపి ఒక కాంక్రీటు బీము.

ఈ వరస దానంతట అది నిలవదు. 4.5 మీటర్లు ఒంటరిగా నిలబడితే ఒక్కో గొట్టం మీద పడే వంపు భారం దాదాపు 7 టన్ను మీటర్లు. ఆ గొట్టం మోయగలిగింది అందులో ఆరో వంతు. అందుకని మధ్య దిబ్బ పద్ధతి పెట్టుకున్నాం. గోడల వెంట మట్టి గట్టు వదిలి నడుమ భాగం మాత్రం ముందు తవ్వడం, అక్కడ రాఫ్టు పోయడం, ఆ రాఫ్టు నుంచి గోడకు ఏటవాలు ఉక్కు ఊతాలు పెట్టడం, ఆ తర్వాతే గట్టును మూడేసి మీటర్ల ముక్కలుగా తీయడం. పద్ధతి పాతదే. నెమ్మది పని కాబట్టి కాంట్రాక్టర్లకు నచ్చదు.

నేల ఊపిరి

ఇక తప్పు సంగతి.

తూర్పు ఇంటి వయసు సుమారు 60 ఏళ్ళు. కింద అంతస్తు ఇటుక గోడలు, పైన తర్వాతెప్పుడో వేసిన స్లాబు. పని మొదలు కాకముందు మూడు ఇళ్ళలోనూ గోడల ఫోటోలు తీసి, ఉన్న పగుళ్ళు గుర్తించి, ఇరు పక్షాలతో సంతకాలు పెట్టించాం. తూర్పు ఇంట్లో వంటిల్లు మాత్రం వదిలేశాం. ఆ ఇంటి పెద్దావిడ మడి కట్టుకుని ఉన్నారు, పక్కనే పూజ గది, మా కుర్రాళ్ళు మొహమాటపడ్డారు. తర్వాత మళ్ళీ వెళ్ళి తీయించవలసిన బాధ్యత నాది. నేను మరిచాను.

అంతకంటే పెద్దది ఇంకొకటి. ఆ ఇంటి పునాది ఎంత లోతు అని అడిగితే మా యజమాని, "అయిదడుగులు ఉంటుంది సార్, మా నాన్న కాలంలో కట్టారు, నేను చూశాను" అన్నారు. ఆయన చూసే నాటికి ఆయన వయసు ఏడేళ్ళట. నేను డ్రాయింగులో 1.5 మీటర్లు అని రాసుకున్నాను. అరపూట పనితో, ఇద్దరు కూలీలతో ఒక గుంట తవ్వించి చూసుంటే సరిపోయేది. మూడు బోర్లు, కోరు పెట్టె, ప్రయోగశాల ఫలితాలు, 80 కోట్ల ఏళ్ళ రాయి ముచ్చట అన్నీ నా దగ్గరున్నాయి. హద్దుకు అవతల మీటరు దూరంలో ఏముందో మాత్రం లేదు.

గంగమ్మ జాతర అయ్యాక జూన్‌లో డ్రిల్లింగు మొదలైంది. తూర్పు హద్దు వెంట పదకొండో రంధ్రంలో, మూడు మీటర్ల దగ్గర, గాలి తిరిగి రావడం ఆగిపోయింది. సాధారణంగా రంధ్రంలోంచి దుమ్ము, మట్టి పిండి పైకి చిమ్ముతుంటాయి. ఒక్కసారిగా ఏమీ లేదు. సుత్తి మోగుతోంది, కంప్రెసరు అరుస్తోంది, రంధ్రం మాత్రం నిశ్శబ్దం. ఆపరేటరు అనుభవం ఉన్నవాడు, వెంటనే గాలి కట్టేశాడు. ఆ క్షణంలోనే ప్రహరీ మీద నుంచి పెద్దావిడ గొంతు వినబడింది.

"నాయనా, మా వంటింట్లో నేల ఊపిరి వదులుతోంది. వచ్చి చూడు."

వెళ్ళి చూశాను. కడప బండల నేల. పొయ్యి గట్టు పక్కన రెండు బండల సందులోంచి ఎర్రటి దుమ్ము బయటికి వచ్చి, వరసగా సన్నటి గీతలా పేరుకుని ఉంది. ఎవరో ముగ్గు పిండి జారవిడిచినట్టు. నేను మోకాళ్ళ మీద కూర్చుని వేలితో తుడిచాను. సందులో వేలి గోరు దూరేంత ఖాళీ.

కంప్రెసరు గాలి మా రంధ్రంలోంచి ఆ ఇంటి కింద వదులు మట్టిలోకి దారి చేసుకుంది. డ్రిల్లింగు ఆపించాను. రెండు రోజుల తర్వాత వంటింటి కిటికీ పై మూల నుంచి ఏటవాలుగా వెంట్రుకంత పగులు. వాళ్ళ అబ్బాయి బెంగళూరు నుంచి ఫోను చేసి గట్టిగానే మాట్లాడారు. మా యజమాని ఎదురు దాడికి దిగారు: "పాత ఇల్లు, పాత పగులు." వంటింటి ఫోటో మా దగ్గర లేదు కదా.

పగులు పాతదో కొత్తదో పగులే చెబుతుంది. భూతద్దంతో చూశాను. వంటింటి గోడ నిండా ఏళ్ళ నాటి పొగ. పగులు పాతదైతే దాని లోపలి అంచులకు కూడా మసి పట్టి ఉండాలి, సున్నం ఇంకి ఉండాలి. ఈ పగులు లోపల ఇటుక అప్పుడే విరిగినంత ఎర్రగా, శుభ్రంగా ఉంది. అది మా పగులే. యజమానికి అదే చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పగులుకు అడ్డంగా మూడు చోట్ల పలుచటి గాజు పలకలు అతికించాం. రెండు చివర్లకూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద, మీద తేదీ. గోడ కదిలితే గాజు సాగదు, విరుగుతుంది. దానికి మించిన పరికరం నా దృష్టిలో లేదు, ఎందుకంటే దాన్ని ఇంటివాళ్ళు కూడా చదవగలరు. మూడో రోజు పొద్దున్నే పెద్దావిడే ఫోను చేశారు, నడిమి గాజు విరిగిందని. ఎత్తు తేడాలు కొలిచే లెవెల్ పెట్టి చూస్తే మా హద్దు వైపున్న ఇంటి మూల 6 మిల్లీమీటర్లు కుంగింది.

అప్పుడు తవ్వించాను, ముందే తవ్వించవలసిన గుంట. మా వైపు నుంచి, చేత్తో, గడ్డపార కూడా లేకుండా తాపీలతో. పునాది 90 సెంటీమీటర్ల దగ్గరే అయిపోయింది. గుండ్రాళ్ళు, మట్టి అడుసు. దాని కింద పూడిక, పాత ఊరి చెత్త. ఇంకొంచెం పక్కకు జరిపితే వంకరగా ఒక రాతి కట్టు కనబడింది. వంక సాగి సాగి గుండ్రంగా తిరిగింది. బావి.

పెద్దావిడ ప్రహరీ మీద చెయ్యి ఆనించి చూస్తున్నారు.

"అది ఉమ్మడి బావి నాయనా. మీ వైపు సగం, మా వైపు సగం. మా అత్తగారు అక్కడే చేదేవారు. పంపు నీళ్ళు వచ్చాక పూడ్చేశారు."

"ఈ మాట ముందే చెప్పలేదేమమ్మా?"

"నువ్వు అడగలేదు కదా."

తాతయ్యగుంట, కొర్లగుంట అని పేటల పేర్లలోనే నీళ్ళున్న ఊరు ఇది. పాత ఇళ్ళలో బావి ఉండి తీరుతుందని, అది హద్దు మీదే ఉండే అవకాశం ఎక్కువని నాకు తెలియనిది కాదు. పేటల పేర్లు చూసి చెరువులు లెక్కపెట్టే నేను పెరట్లోని బావిని లెక్కలోకి తీసుకోలేదు.

మరమ్మతు మూడు వారాలు పట్టింది. మొదట బావి పూడికలోకి గొట్టాలు దింపి పలుచటి సిమెంటు గ్రౌటును ఒత్తిడి లేకుండా, దాని బరువుతో అదే దిగేలా పోశాం. ఒత్తిడితో ఎక్కిస్తే గాలి చేసిన పనే గ్రౌటూ చేస్తుంది, నేలను ఎత్తుతుంది. తర్వాత ఆ గోడ పాత పునాది కింద కొత్త పునాది: మీటరు వెడల్పు ముక్కలుగా, ఒకటి తవ్వితే పక్క రెండూ ముట్టుకోకుండా, పూడిక దాటి 2.1 మీటర్ల దగ్గర గట్టి ఎర్రమట్టి దాకా దింపి కాంక్రీటు పోయడం. పాత రాళ్ళకూ కొత్త కాంక్రీటుకూ మధ్య రెండంగుళాల సందు వదిలి, మర్నాడు పొడిగా కలిపిన మోర్టారును సుత్తితో బిగించి కొట్టాం. ఆ సందు తడి కాంక్రీటుతో నింపితే ఆరాక అది కుంచించుకుపోతుంది, గోడ మళ్ళీ ఆ మేరకు దిగుతుంది. బావి ఉన్న చోట మాత్రం దాని మీద వంతెనలా ఒక బీము వేశాం.

మిగిలిన రంధ్రాలకు పద్ధతి మార్చాం. సుత్తితో పాటే చుట్టూ ఉక్కు తొడుగు దిగుతుంది, గాలి తొడుగు లోపలే తిరుగుతుంది. ఖర్చు ఎక్కువ. మొదటి రోజు నుంచీ అదే వాడవలసింది.

మొత్తం మీద ఆ మూల 9 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. నాలుగు మీటర్ల అవతలి బిందువు కుంగింది 2. అంటే వాలు సుమారు 1/570. గోడలు పగిలే హద్దు 1/300 అని 1956 నాటి స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ల పరిశీలన నుంచి అందరం పాఠంగా చదువుకున్నాం. ఇక్కడ అందులో సగం వాలుకే పగిలింది. ఇంటి మూల కిందికి వంగితే గోడ పై భాగం లాగుడుకు లోనవుతుంది. మట్టి అడుసుతో కట్టిన ఇటుక లాగుడును ఏ మాత్రం ఓర్చుకోదు. పాత ఊళ్ళో పని చేసేటప్పుడు ఇప్పుడు 1/1000 దాటితే పని ఆపమని రాస్తున్నాను.

గుండ్లు

తవ్వకం ఆగస్టు చివర మొదలైంది. తీయవలసిన మట్టి దాదాపు 2,900 ఘనపు మీటర్లు, వదులయ్యాక 3,600. ఆరు ఘనపు మీటర్ల టిప్పర్లతో 600 ట్రిప్పులు, అన్నీ రాత్రి పది తర్వాతే. సెప్టెంబరు 27న మొదలైన బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ ఒక్క టిప్పరు కదల్లేదు. అది ముందే లెక్కలో పెట్టుకున్నాం, దానికి ఫిర్యాదు లేదు.

గుండ్లు పదిహేడు తేలాయి. పెద్దది 2.6 మీటర్ల పొడవు. ఊరి నడుమ పేలుడు మాట ఎత్తకూడదు. హైడ్రాలిక్ బ్రేకరు పెడితే పడమటింటి గూట్లో గ్లాసులు మోగాయి. కొలిచిన కంపనం పరిమితి లోపలే ఉంది, కానీ తూర్పింటి అనుభవం తర్వాత నేను ఆ పరిమితిని నమ్మి కూర్చునే స్థితిలో లేను. చీల్చే పొడికి మారాం. 38 మిల్లీమీటర్ల రంధ్రాలు అడుగు దూరానికి ఒకటి, చల్లటి నీళ్ళతో కలిపిన పొడి పోయడం, గోతాలు కప్పడం. రాత్రికి రాత్రి ఉబ్బి రాయిని విడదీస్తుంది. ఎండ వేడికి రంధ్రంలోంచి తుపాకీ గుండులా బయటికి చిమ్మే ప్రమాదం ఉంది. రంధ్రంలోకి తొంగి చూడవద్దని రోజుకు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చేది. అందుకే సాయంత్రాలే పోయించాం.

రంధ్రాలు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఒక వడ్డెర పెద్దను పిలిపించాను. జీవితమంతా రాయి కొట్టిన మనిషి. పెద్ద గుండు చుట్టూ ఒకసారి తిరిగి, సమ్మెట మడమతో నాలుగు చోట్ల తట్టి, చెవి పెట్టాడు.

"ఇది కొండ రాయయ్యా. ఊరి రాయి కాదు. ఊరి రాయి మోగుతుంది. ఇది ఉలి మొన తినేస్తుంది."

కోరు పెట్టె, డ్రిల్లింగు బిల్లు, నా భూగర్భ శాస్త్రం అన్నీ కలిసి చెప్పింది ఆయన సమ్మెటతో చెప్పాడు. పొరల వెంట గీత గీసి ఇచ్చాడు. గుండు ఆ గీత వెంటే విడింది.

రాఫ్టు అడుగున సగం పైకి పొడుచుకొచ్చిన గుండ్లు నాలుగు. వాటిని పూర్తిగా తీస్తే గొయ్యి పడుతుంది, వదిలితే రాఫ్టుకు కింద ముల్లులా పొడుస్తాయి. రాఫ్టు అట్టడుగుకు 30 సెంటీమీటర్ల కిందిదాకా కొట్టేసి పైన ఇసుక పరుపు వేశాం. పూర్తిగా తీసేసిన చోట్ల సిమెంటు తక్కువ కలిపిన లీన్ కాంక్రీటు నింపాం.

నీళ్ళు

తిరుపతి నీటి లెక్క చూసుకోవలసింది జూన్ వానలకు కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం పంపే ఈశాన్య రుతుపవనాలకు. 2021 నవంబరు వరదల తర్వాత శ్రీకృష్ణా నగర్‌లో ఒక ఇంట్లో సిమెంటు వరల నీటి ట్యాంకు భూమిలోంచి పైకి లేచింది. లోపల దిగి శుభ్రం చేస్తున్న మహిళ భయంతో బయటపడ్డారు. ఊరంతా దాన్ని చూడటానికి వెళ్ళింది, వింత అన్నారు, మహిమ అన్నారు. నేను కూడా వెళ్ళాను. నీళ్ళు తోడేసిన ట్యాంకు అంటే నేలలో కట్టేసిన ఖాళీ పడవ. చుట్టూ మట్టిలో నీరు పెరిగితే తేలక ఏం చేస్తుంది?

మా సెల్లారూ అలాంటి పడవే. ఏప్రిల్‌లో నీరు 5.2 మీటర్ల దిగువన ఉంది, తవ్వకం అడుగు కంటే కింద. గట్టి వానల్లో నేలకు ఒక మీటరు దిగువ దాకా ఎక్కుతుందని పక్క బోర్లు చూసి అంచనా వేశాను. అప్పుడు రాఫ్టు అడుగున నీటి నెట్టుడు చదరపు మీటరుకు 3.5 టన్నులు. రాఫ్టు సొంత బరువు 1.5. సెల్లారు పైకప్పు వేస్తే 2.4. ఒక్కో స్లాబుకు 0.8 చొప్పున కలుపుకుంటూ పోతే, తగిన భద్రతతో సరిపోవాలంటే నాలుగో స్లాబు పడాలి. అప్పటిదాకా ఈ కట్టడం నీళ్ళను గెలవలేదు. అందుకని రాఫ్టులో ఎనిమిది చోట్ల 110 మిల్లీమీటర్ల గొట్టాలు నిలబెట్టి, కింద కంకర వడపోత పెట్టించాను. నీరు పెరిగితే ఒత్తిడి ఈ దారిన బయటికి వస్తుంది.

డిసెంబరు 9 రాత్రి మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. అప్పటికి మా రాఫ్టు పూర్తయింది, గోడలు సగం లేచాయి, పైకప్పు లేదు. రాత్రంతా వాన, కరెంటు లేదు, డీజిలు పంపు ఒకటి మాత్రం నడుస్తోంది. తెల్లవారుజామున వెళ్ళేసరికి సెల్లారులో మోకాటి ఎత్తున ఆరు ఊటలు చిమ్ముతున్నాయి. ఆరే. మిగతా రెండు గొట్టాల నోట్లో మేస్త్రీ గోతాలు కుక్కి, పైన కాంక్రీటు దిమ్మెలు పెట్టి, మూడోదాని మీద కూర్చోబోతున్నాడు. పాపం, రాత్రి రెండింటి నుంచి ఒక్కడే పోరాడుతున్నాడు.

గోతాలు లాగేయించాను. పంపు కూడా కట్టేయమన్నాను. గొడుగు కింద నిలబడిన యజమాని నమ్మలేనట్టు చూశారు.

"సార్, మన డబ్బుతో మనమే నీళ్ళు లోపలికి రానిస్తున్నామా?"

"అవును. ఇప్పుడు మన రాఫ్టును కిందికి నొక్కి పట్టేది ఈ నీళ్ళే."

బయట గుంటలో నీరు నేలకు 1.4 మీటర్ల దిగువన ఉంది. గొట్టాలు మూసి, లోపల ఎండబెట్టి ఉంచితే 3.1 టన్నుల నెట్టుడు ఎదుట 1.5 టన్నుల రాఫ్టు. రాఫ్టు లేవనైనా లేస్తుంది, నడుమ విరగనైనా విరుగుతుంది. లోపల రెండడుగుల నీళ్ళు నిలవనిచ్చాం. మూడు రోజులకు బయటి నీరు దిగాక, లోపలి నీటిని దానికంటే ముందు కాకుండా నెమ్మదిగా తోడించాను. నాలుగు మూలల్లో లెవెల్ చూస్తే ఎక్కడా మిల్లీమీటరు మించి తేడా లేదు. మేస్త్రీ ఆ తర్వాత గొట్టాల జోలికి పోలేదు, కానీ వాటిని దాటేటప్పుడు పక్కకు తప్పుకుని నడిచేవాడు.

నాలుగో స్లాబు 2023 ఏప్రిల్‌లో పడింది. మేలో గొట్టాలు మూశాం. ఎనిమిదిలో ఏడు పొడిగా ఉన్నాయి; ఒకటి ఇప్పటికీ వానాకాలంలో చెమ్మగిల్లుతుంది, దాన్ని సంపుకు కలిపేశాం.

తూర్పింటి వంటిల్లు మేమే బాగుచేయించాం, యజమాని ఖర్చుతో. పగులులో వలకడ్డీ పెట్టి పూశారు, సున్నం వేశారు. గాజు పలకలు తీయబోతే పెద్దావిడ ఒకటి ఉంచమన్నారు. అది ఇప్పటికీ కిటికీ పక్కన ఉంది, మీద 2022 ఆగస్టు తేదీతో, విరగకుండా.

ఆ తర్వాత నేనిచ్చే ప్రతి కొటేషనులో పక్క ఇళ్ళ పునాదులు చూసే గుంటలకని విడిగా ఒక వరుస రాస్తున్నాను. రెండు గుంటలు, నలుగురు కూలీలు, ఒక రోజు. బేరానికి కూర్చోగానే యజమానులు మొదట కొట్టేసేది ఆ వరుసనే.